చీమలకు పేర్లు పెట్టిన నెల్లూరు డాక్టరు – థామస్ జెర్డాన్ జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసి పంపమని అడిగినప్పుడు మేము చాలా ఆలోచించాం. అంబేద్కర్, ఫూలే, జాషువా గార్ల గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. వారి గురించి ఎంత రాసినా తక్కువే. కానీ ఈసారి మన నెల్లూరులో ఉద్యోగం చేసి, మన కాళ్ల కింద తిరిగే చీమలకు శాస్త్రీయ నామాలు పెట్టిన ఒక డాక్టరు గురించి రాయాలనిపించింది. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డాన్. ఆయన పేరు మాకు తెలిసింది ఒక రాణి చీమ వల్ల. అందుకే ముందుగా ఆ చీమ సంగతి చెప్తాం.

మందు సీసాలో రాణి చీమ

తొలకరి వాన పడిన సాయంత్రం మన హాస్టల్ వరండాలో ట్యూబులైటు చుట్టూ ఉసుళ్లు ఎలా మూగుతాయో మీకు తెలుసు. లైటు ఆర్పేస్తే తప్ప అన్నం తినలేం. వాటిలో ఎక్కువ చెదపురుగులే అయినా, మధ్యమధ్యలో రెక్కల చీమలు కూడా ఉంటాయి. సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు అలాంటి ఒక రాత్రి రెక్కలు రాల్చేసుకున్న ఒక పెద్ద చీమ గోడ వెంట పోతూ కనిపించింది. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు దాన్ని ఖాళీ మందు సీసాలోకి ఎక్కించి తెచ్చి, అన్నా ఇది ఏం చీమ అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా గండుచీమ అన్నారు. ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్న మేము కూడా, అవును గండుచీమ రాణే అని పెద్దమనుషుల్లా చెప్పేశాం.

ఆ సీసాను మా కాలేజీకి తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టి చూసినప్పుడు మా తప్పు తెలిసింది. చీమకు ఛాతీకి, పొట్టకు మధ్య సన్నని నడుము ఉంటుంది. గండుచీమకు ఆ నడుము మీద ఒకే ఒక కణుపు ఉంటుంది. మా చీమకు రెండు ఉన్నాయి. అంటే అది గండుచీమ కావడానికి వీల్లేదు. అసలు అది వేరే ఉపకుటుంబానికి చెందిన చీమ. పరిమాణం, రంగు చూసి పేరు చెప్పేసినందుకు మాకే సిగ్గేసింది.

ఒంటరిగా దొరికిన రాణి చీమ ఏ జాతిదో చెప్పడం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే కష్టమైన పని. మనం రోజూ చూసేవి శ్రామిక చీమలు. రాణి వాటిలాగా ఉండదు. ఎగరడానికి కావలసిన కండరాలు ఉండాలి కాబట్టి ఛాతీ లావుగా ఉంటుంది, రెక్కలు రాలిన చోట మచ్చలుంటాయి, పొట్ట పెద్దది. 1764లో లిన్నేయస్ అంతటివారు ఒక మగ చీమను కందిరీగ అనుకుని పేరు పెట్టారు. 1863లో గెర్‌స్టేకర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కళ్లు, రెక్కలు లేని ఒక రాణి చీమను చూసి అది పూర్తిగా కొత్త ప్రజాతి అనుకుని వేరే పేరు పెట్టారు. అప్పటికే వేరే పేరుతో తెలిసిన చీమల రాణే అదని తర్వాత తేలింది.

మేము ఆ రాణిని ఒక గాజు గొట్టంలో, తడి దూది పెట్టి, చీకట్లో ఉంచాం. ఇలాంటి రాణి మొదటి పిల్లలు ఎదిగేదాకా ఏమీ తినదు. ఇక అవసరం లేని రెక్కల కండరాలు ఒంట్లోనే కరిగిపోతే, ఆ శక్తితోనే పిల్లల్ని సాకుతుంది. నెల దాటాక మొదటి శ్రామికులు బయటికి వచ్చాయి. తల్లి రెండు సెంటీమీటర్లు ఉంటే పిల్లలు ఆవగింజంత కూడా లేవు. హాస్టల్ ప్రహరీ పక్కన సాగే చీమల బారులో అలాంటి చిన్న చీమలను మేము ఇంతకుముందే చూసి ఉన్నాం. ఆ బారులో పెద్ద తలకాయల చీమలు కూడా నడుస్తుంటాయి, వాటి తలలమీద చిన్నవి ఎక్కి స్వారీ చేస్తుంటాయి. అన్నీ పోల్చి, మా అధ్యాపకులకు కూడా చూపించాక తేలిన పేరు ఇది: కేరెబారా డైవర్సా (జెర్డాన్, 1851).

శాస్త్రీయ నామం పక్కన రాసే ఆ పేరు, మొట్టమొదట ఆ జీవిని వర్ణించి ప్రచురించిన వ్యక్తిది. సంవత్సరం ఆ ప్రచురణది. పేరుకు కుండలీకరణాలు ఉంటే, ఆ జీవిని తర్వాతివారు వేరే ప్రజాతిలోకి మార్చారని అర్థం. పేరు మారినా మొదట గుర్తించినవారి పేరు చెరిపేయకూడదని శాస్త్రంలో నియమం. ఈ నియమం మాకు చాలా నచ్చింది. సరే, ఈ జెర్డాన్ ఎవరు అని వెతకడం మొదలుపెట్టాం.

చదువు, ఉద్యోగం

జెర్డాన్ 1811లో ఇంగ్లండ్‌లోని డర్హమ్ ప్రాంతంలో పుట్టారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. వైద్యంతో పాటు ప్రకృతి శాస్త్రం తరగతులకు కూడా వెళ్లారు. 1835లో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్‌గా ఉద్యోగం వచ్చింది. 1836 ఫిబ్రవరిలో ఓడ దిగి మద్రాసు చేరుకున్నారు.

మొదట గంజాం పంపించారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. అక్కడి సైనికులు జ్వరాలతో, రక్త విరేచనాలతో బాధపడుతుంటే వైద్యం చేయడం ఆయన పని. ఖాళీ దొరికినప్పుడల్లా తూర్పు కనుమల్లో పక్షుల్ని చూడడం ఆయన అలవాటు. తర్వాత తిరుచిరాపల్లిలో అశ్విక దళంలో చేరి, దానితో పాటు ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాకు వెళ్లారు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి జీవుల్ని రాసుకుంటూ పోయారు. దక్షిణ భారతదేశపు పక్షుల జాబితాను 1839 నుంచి మద్రాసు పత్రికలో ప్రచురించారు.

ఈ దశలో ఆయనకొక దెబ్బ తగిలింది. తాను సేకరించిన పక్షుల చర్మాలను, అవి ఏ జాతులో చెప్పమని స్కాట్లండ్‌లోని విలియం జార్డిన్ అనే పెద్ద శాస్త్రవేత్తకు పంపారు. ఓడలో నెలల తరబడి ప్రయాణించి ఆ పెట్టెలు చేరేసరికి పురుగులు పట్టి పాడైపోయాయి. ఆ తర్వాత జెర్డాన్ ఎక్కడో దూరాన ఉన్న పెద్దవాళ్లు చెప్పేదాకా ఎదురుచూడడం మానుకుని, తన కంటిమీదే ఆధారపడి గుర్తించడం మొదలుపెట్టారు. సౌకర్యాలు లేని చోట చదువుకునే మనలాంటి వాళ్లు గుర్తుపెట్టుకోవలసిన విషయమిది. మంచి లైబ్రరీ లేకపోవచ్చు, ల్యాబు లేకపోవచ్చు. చూడడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నెల్లూరులో

1841లో ఊటీలో ఆయనకు వివాహమైంది. తర్వాత నెల్లూరుకు సివిల్ సర్జన్‌గా వచ్చారు. ఇక్కడినుంచి తూర్పు కనుమల్లో తిరగడానికి ఆయనకు అవకాశం దొరికింది. ఆ కొండల్లో నివసించే గిరిజనులను అడిగి ఎన్నో విషయాలు తెలుసుకున్నారు. ఏ పక్షి ఏ పొదలో ఉంటుంది, ఏది రాత్రి తిరుగుతుంది, ఏది ఏ కాలంలో వస్తుంది అనేవి వారికి తెలిసినట్టు పుస్తకాలకు తెలియదు. ఆయన తర్వాత రాసిన పుస్తకంలో చాలా పక్షుల దగ్గర తెలుగు పేర్లు కూడా ఇచ్చారు. ఆ పేర్లు ఆయన కల్పించినవి కావు. మన తాతముత్తాతల నోటి నుంచి విని రాసుకున్నవే.

నెల్లూరు, కడప కొండల ప్రాంతంలో దొరికిన ఒక పక్షిని ఆయన కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్‌కు తెలియజేయగా, బ్లైత్ 1848లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అదే ఇంగ్లీషులో జెర్డాన్ కోర్సర్, మనం పిలిచే కలివి కోడి. 1900 తర్వాత అది ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిపోయిందని అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకులు స్థానిక వేటగాళ్లకు బొమ్మలు చూపించి అడుగుతూ తిరిగారు. చివరికి ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ పక్షి కోసమే లంకమల అడవిని 1988లో అభయారణ్యం చేశారు.

ఇక్కడ మాకొక విషయం మనసులో నాటుకుంది. 1986లో పక్షిని పట్టుకున్న ఐతన్న పేరు మనకు తెలుసు. కానీ 1840లలో జెర్డాన్‌కు ఆ కొండల సంగతులన్నీ చెప్పినవారి పేర్లు ఒక్కటీ మనకు మిగలలేదు. ఆయన పక్షుల పుస్తకానికి బొమ్మలు గీసిన మన దేశపు చిత్రకారులను తలుచుకునేవారు కూడా తక్కువే. జెర్డాన్ చేసిన కృషిని మేము తక్కువ చేయడం లేదు. అయితే ఒక పేరు పక్కన ఇంకెన్ని పేర్లు ఉండవలసిందో కూడా మనం ఆలోచించాలి.

చీమల జాబితా

నెల్లూరు తర్వాత జెర్డాన్ మలబారు తీరంలోని తెలిచ్చేరికి బదిలీ అయ్యారు. 1851లో మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ అనే పత్రికలో దక్షిణ భారతదేశపు చీమల జాబితాను ప్రచురించారు. 1854లో లండన్ పత్రిక దాన్ని మళ్లీ అచ్చువేసింది. అప్పటికి డార్విన్ పుస్తకం ఇంకా రాలేదు. మన గండుచీమ లాంటి కొన్నింటికి డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ పద్దెనిమిదో శతాబ్దంలోనే పేర్లు పెట్టి ఉన్నా, ఆయన చూసింది ఎక్కువగా సూదికి గుచ్చిన చచ్చిన చీమలనే. జెర్డాన్ వాటిని పుట్టల దగ్గర, బతికి ఉండగా చూశారు.

ఈ తేడా ఎంత పెద్దదో మా రాణి చీమ పేరే చెప్తుంది. డైవర్సా అంటే లాటిన్‌లో రకరకాలుగా ఉన్నది అని అర్థం. ఈ జాతి శ్రామికుల్లో అన్నిటికంటే చిన్నదానికి, అన్నిటికంటే పెద్దదానికి తల వెడల్పులో పది రెట్ల తేడా, ఎండు బరువులో 500 రెట్ల తేడా ఉంటుందని ఆ తర్వాతి పరిశోధకులు కొలిచారు. రెండింటినీ విడివిడిగా పెట్టెలో పెట్టి చూపిస్తే ఎవరైనా రెండు జాతులనే అంటారు. ఒకే బారులో కలిసి నడవడం, ఒకే పుట్టలోకి వెళ్లడం చూసినవారే అవి ఒక తల్లి పిల్లలని చెప్పగలరు. జెర్డాన్ వాటన్నింటినీ ఒకే పేరు కింద చేర్చి, ఆ తేడానే పేరుగా పెట్టారు.

మరొక సంగతి. చీమలు గింజలు కూడబెడతాయని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ రోజుల్లో యూరప్ పండితులు చాలామంది దాన్ని నమ్మలేదు. వారి చల్లని దేశాల్లో అలాంటి చీమలు కనబడకపోవడమే కారణం. పుణెలో సైక్స్, దక్షిణాన జెర్డాన్ తమ కళ్లతో చూసి రాసిన తర్వాతే ఆ అభిప్రాయం మెల్లగా మారింది.

ఆయన రాసినవన్నీ సరిగ్గా ఉన్నాయని కాదు. ఆయన వర్ణనలు కొన్ని చాలా క్లుప్తంగా ఉండడంవల్ల, అవి ఏ చీమలో తర్వాతివారు తేల్చుకోలేకపోయారు. ఆ పేర్లు అలాగే మిగిలిపోయాయి. గుర్తించడమంటే చూసింది ఇంకొకరు కూడా గుర్తుపట్టేలా రాయడం అని దీన్నిబట్టి మేము నేర్చుకున్నాం.

గెంతే చీమ నేర్పిన పాఠం

ఆ జాబితాలోనే జెర్డాన్ ఇంకొక చీమను వర్ణించారు. పొడవాటి దవడలు, పెద్ద కళ్లు, మిడతలాగా గెంతడం దాని లక్షణాలు. సాల్టేటర్ అని పేరు పెట్టారు, అంటే గెంతేది అని అర్థం. ఇప్పుడు దాని పూర్తి పేరు హార్పెగ్నాథస్ సాల్టేటర్. 2010లో శాస్త్రవేత్తలు దాని జన్యుక్రమాన్ని ప్రచురించారు. ప్రపంచంలో మొదట జన్యుక్రమం చదివిన చీమల్లో ఇదొకటి.

దీనిమీద అంత ఆసక్తి ఎందుకో చెప్పాలంటే మా పాఠం సంగతి చెప్పాలి. జంతుశాస్త్రంలో రాణి, మగ, శ్రామిక చీమలను ఇంగ్లీషులో క్యాస్ట్ అంటారు. తెలుగులో కులాలు అని చెప్తారు. తరగతిలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ప్రకృతిలోనే కులం ఉంది, చీమల్లో కూడా ఎవరి పని వారికి పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది అని ఎవరైనా అంటే ఏం జవాబు చెప్పాలో అప్పుడు మాకు తెలియలేదు.

జవాబు చీమల దగ్గరే ఉంది. చాలా జాతుల్లో రాణి అయ్యే గుడ్డు, శ్రామిక అయ్యే గుడ్డు వేరు కాదు. పురుగు దశలో దానికి అందిన తిండి, సంరక్షణను బట్టి అది రాణి అవుతుందా, శ్రామిక అవుతుందా అన్నది తేలుతుంది. తిండి, సంరక్షణ ఎంత తేడా తెస్తాయో మన హాస్టల్లో చదివేవారికి విడిగా చెప్పనక్కర్లేదు. జెర్డాన్ వర్ణించిన గెంతే చీమ ఇంకా ముందుకు పోయింది. దీనిలో రాణికి, శ్రామికకు చూపులో పెద్ద తేడా ఉండదు. రాణి చనిపోతే శ్రామికలు మీసాలతో ఒకదానితో ఒకటి వారాల తరబడి పోటీపడతాయి. గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. సుమారు ఏడు నెలలు బతికే చీమ ఆయుష్షు నాలుగేళ్ల దాకా పెరుగుతుంది. మెదడు మాత్రం సుమారు అయిదో వంతు తగ్గుతుంది. మళ్లీ శ్రామికగా మారవలసి వస్తే ఆ మెదడు తిరిగి పెరుగుతుందని 2021లో ప్రచురించిన పరిశోధన చెప్పింది.

చీమల్ని చూసి మనుషులు ఎలా బతకాలో నేర్చుకోవాలని మేము అనడం లేదు. మనిషి చీమ కాదు. కానీ చీమను చూపించి కులాన్ని సమర్థించేవారికి చీమ కూడా సాక్ష్యం చెప్పదు అని మాత్రం ఇప్పుడు ధైర్యంగా చెప్పగలం. ఈ సంగతులేవీ జెర్డాన్‌కు తెలియవు. ఆయన అది గెంతుతుందని చూశారు, జాగ్రత్తగా రాశారు. ఆ రాత మీద నిలబడి 160 ఏళ్ల తర్వాతివారు మిగతాది కనుక్కున్నారు.

చివరి సంవత్సరాలు

భారతదేశపు జంతువుల గురించి అందరికీ అందుబాటులో ఉండే పుస్తకాలు రావాలని ఆయన కోరిక. వైస్రాయ్ లార్డ్ కానింగ్ సాయంతో ఆయనకు ప్రత్యేక విధి కింద ఆ పని దొరికింది. 1862 నుంచి 1864 వరకు పక్షుల పుస్తకం సంపుటాలుగా వెలువడింది. వెయ్యికి పైగా జాతుల వివరాలు అందులో ఉన్నాయి. 1867లో క్షీరదాల పుస్తకం వచ్చింది. తర్వాత అసోంలో తిరుగుతూ తీవ్రమైన జ్వరానికి గురయ్యారు. 1870లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లారు. 1872 జూన్ 12న, అరవై ఏళ్ల వయసులో కన్నుమూశారు. భారతదేశపు జంతుజాలం గురించి ప్రభుత్వం తర్వాత ప్రచురించిన పెద్ద గ్రంథమాలకు ఆయన కృషి కూడా ఒక ప్రేరణ. ఆ మాలలో చీమల సంపుటం 1903లో బింగ్‌హమ్ రచించగా వెలువడింది.

ఆయన కంపెనీ ఉద్యోగి. మన దేశాన్ని ఏలినవారి పక్షాన జీతం తీసుకున్న మనిషి. అది దాచిపెట్టనక్కర్లేదు. అయినా ఉద్యోగంలో ఎవరూ అడగని పని, జీతం రాని పని, చీమల వెంట ఎండలో కూర్చుని చూసే పని ఆయన చేశారు. ఆ ఓపికే మనం నేర్చుకోవలసింది.

తమ్ముళ్లకు మా మాట

ఈసారి వాన పడిన రాత్రి మీకు రాణి చీమ దొరికితే చెప్పుల కింద నలపకండి. తేదీ, సమయం, వాన ఎప్పుడు పడింది, ఏ చోట దొరికింది నోటుబుక్కులో రాయండి. రంగు, పరిమాణం చూసి పేరు చెప్పేయకండి. భూతద్దంతో నడుము కణుపులు ఒకటా, రెండా చూడండి. తడి దూది పెట్టి చీకట్లో ఉంచి, పిల్లలు పుట్టేదాకా ఆగండి. అప్పుడు మీ హాస్టల్ చుట్టూ ఉన్న చీమలతో పోల్చండి. చూసి తెలుసుకున్నాక ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదిలేయండి. మా రాణిని, దాని పిల్లల్ని మేము హాస్టల్ వెనకాల వేపచెట్టు మొదట్లో వదిలిపెట్టాం.

మా ఇళ్లలో డిగ్రీ దాకా చదివినవాళ్లం మేమే మొదటివాళ్లం. మా గురించి కూడా చాలామంది ముఖం చూసి, ఊరు పేరు విని, మేమేమిటో చెప్పేసినవారే. ఒక్క చూపులో అలా పేరు పెట్టేస్తే ఎలా ఉంటుందో మాకు తెలుసు. అయినా ఆ రాత్రి వరండాలో మేము కూడా అదే తప్పు చేశాం. ఆ తప్పు చూపించినందుకు ఆ చీమకు, సీసాలో పెట్టి తెచ్చి ప్రశ్న అడిగిన తమ్ముడికి మా కృతజ్ఞతలు. తమ్ముడు మూడో గదిలో ఉంటాడు. ఈ చీమ గురించి మొదట అడిగింది వాడే అని ఈ సంచికలో ఉండాలని ఇక్కడ రాస్తున్నాం.

– పూర్వ విద్యార్థులు, ఎమ్మెస్సీ జంతుశాస్త్రం